జోడు తప్పిన గుర్రం

నాక్‌రో
15 జూన్ 1943, మంగళవారం

గ్యారెట్‌కి,

నీ చీటీ ఈ పొద్దున దొరికింది. టీ డబ్బా కింద పెట్టావు. రేషను టీ అయిపోయి వారం దాటింది, ఖాళీ డబ్బా ఎవరెత్తుతారు? అలమర తుడుస్తుంటే బయటపడింది. "సినిమావాళ్ళ దగ్గరికి పోతున్నా. పది రోజులు. సొంత గుర్రంతో వస్తే కూలి ఎక్కువట. మెసిట్‌కి చెప్పు." ముప్ఫయ్యారేళ్ళ మగవాడివి. శనివారం తెల్లారేసరికి మన గుర్రం జెస్సీతో సహా మాయమైతే సంతకు పోయావనుకున్నాను.

నిన్న పొద్దున ఆరింటికి మెసిట్ తన గుర్రం బార్నీని తోలుకుని గట్టు దగ్గరికి వచ్చాడు. కోత యంత్రానికి నూనె పెట్టాడు, కత్తి పదును పెట్టాడు. మన జెస్సీ కోసం నిలబడ్డాడు. ఎనిమిదింటికి నేను పాలు తీసుకుని అటు పోతే అడిగాడు.

"గుర్రానికి ఒంట్లో బాగోలేదా?"

"కొట్టంలో లేదు."

"గ్యారెట్ లేవలేదా?"

"మంచం మీద లేడు."

"అక్కాతమ్ముళ్ళు కలిసి నాతో ఆటలాడుతున్నారా, విన్నీ?"

నాకేం తెలుసని చెప్పను? పదకొండింటి దాకా ఎండలో నిలబడి, బార్నీని విప్పుకుని వెళ్ళిపోయాడు. సోమవారం అంత మంచి ఎండ ఈ ఏడాది ఇంకా కాయలేదు.

ఆ జోడు నువ్వు కట్టింది కాదు. నాన్నా, మెసిట్ వాళ్ళ నాన్నా కట్టారు. వాళ్ళకొక గుర్రం, మనకొక గుర్రం. యంత్రానికీ నాగలికీ రెండు కావాలి కనక గట్టుకి ఇటూ అటూ ఉన్న రెండిళ్ళూ నలభై ఏళ్ళుగా ఒకరి గుర్రాన్ని ఒకరు నమ్ముకుని బతికాయి. జోడు తప్పుకునేవాడు తనే గట్టు దాటి తన నోటితో చెప్పాలి. ఇంట్లో ఆడమనిషి చేత కబురు పంపడమంటే జోడు తెంచుకోవడమే. అందుకే నీ చీటీ సంగతి నేను అతనికి చెప్పలేదు. చెప్పను. నువ్వు వచ్చి చెప్పు. సైకిలు మీద నాలుగు గంటల దారి.

యుద్ధం అయ్యేదాకా ప్రతివాడూ నాలుగోవంతు భూమి దున్నాలని మార్చిలో ఇన్‌స్పెక్టరు చెప్పి పోయాడు. అక్టోబరులో మళ్ళీ వస్తాడు. దున్నని భూమి గవర్నమెంటు తీసుకుని వేరేవాడికి ఇస్తుంది. ఒంటి గుర్రంతో నువ్వేం దున్నుతావో నాకు తెలియదు. అసలు ఆ ఒంటి గుర్రం కూడా ఇక్కడ లేదు.

ఇంగ్లీషు దొర మన తాతని ఇంట్లోంచి వానలోకి తోసేశాడు. ఆ సినిమా ఇంగ్లీషువాళ్ళ రాజు కథని పేపర్లో వేశారు, నువ్వు వాళ్ళ రాజు కోసం గుర్రమెక్కావు. బాగుంది.

కోళ్ళకేమీ నీ మీద బెంగ లేదు.

విన్నీ


గుడారం 14, ఎన్నిస్‌కెర్రీ దగ్గర
19 జూన్

అక్కా,

నీ ఉత్తరం గుడారంలో అందరి ముందూ తెరిచాను. చేయి కాలింది. ఇకనుంచి ఒంటరిగా చదువుకుంటాను.

ముందు ఒక సంగతి. నేను రాజు మనిషిని కాదు. ఫ్రెంచివాణ్ణి. కథ ఏమిటంటే, ఆ ఇంగ్లీషు రాజు గుప్పెడు మందితో సముద్రం దాటి మా మీద పడతాడు. మేం వాళ్ళకి నాలుగింతలం. అయినా ఓడిపోతాం. వందల ఏళ్ళుగా స్టేజీ మీద ఓడిపోతూనే ఉన్నామట, ఇప్పుడు సినిమాలోనూ ఓడిపోవాలి. లండన్‌లో బాంబులు పడుతున్నాయి కనక ధైర్యం కోసం ఇది తీస్తున్నారు. మన దేశం యుద్ధంలో లేదు, మైదానం కూడా అందుకే ఇక్కడ వెతుక్కున్నారు. తాత ఆత్మకి శాంతి. రోజుకు రెండుసార్లు ఆ రాజు మీదికి ఈటె పట్టుకుని ఉరుకుతున్నాను. చంపడం కథలో లేదు గానీ నా వంతు ప్రయత్నం నేను చేస్తున్నాను.

ఇనప చొక్కా అంటే ఇనుము కాదు. పురికొసతో అల్లి వెండిరంగు పూశారు. వాన పడితే తడిసిన గొర్రెలా బరువెక్కుతుంది. పక్క మంచం రౌండ్‌వుడ్ ఊరివాడిది. "మా ఆవిడ చూస్తే దీన్ని విప్పి మేజోళ్ళు అల్లేస్తుంది" అంటాడు. గుర్రాల మేనేజరు నన్ను "మిస్టర్ టాలన్" అంటాడు. నాక్‌రోలో ఫాదర్ కూడా ఏనాడూ అనలేదు.

ఇప్పుడు మెసిట్ సంగతి. ఒక్క మాట చెప్పడానికి నీ నోరేం అరిగిపోతుంది? అతన్ని పదకొండింటి దాకా నిలబెట్టింది నేను కాదు, నువ్వు. టీ డబ్బా రోజూ ఎత్తుతావని పెట్టాను. పది రోజులు అతని గడ్డి నిలబడి ఉండలేదా? గడ్డికి కాళ్ళున్నాయా?

జెస్సీ బాగుంది. ఓట్స్ గింజలు తింటోంది. మనింట్లో మనం తినేదానికన్నా మంచివి.

నీ తమ్ముడు
గ్యారెట్


నాక్‌రో
27 జూన్, ఆదివారం

గ్యారెట్‌కి,

శని, ఆదివారాలు తీసేసి లెక్కపెట్టినా పది రోజులు శుక్రవారంతో అయిపోయాయి. మొన్నంతా రోడ్డువైపు చూశాను. నిన్న చూడటం మానేశాను.

బుధవారం మెసిట్ ఇంటికి వచ్చాడు. తలుపు దాటలేదు, కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి తనకి బీరు దుకాణంలో తెలిసిందన్నాడు.

"నువ్వు చెబుతావేమోనని చూశాను" అన్నాడు.

"చెప్పాల్సింది నేను కాదు."

"అది నిజమే. మరి వాడెప్పుడొస్తాడు?"

"శుక్రవారం" అన్నాను. నీ మాట నమ్మి నేను అబద్ధాలకోరునయ్యాను.

"నాకు ఏడు ఆవులున్నాయి, విన్నీ. అవి సినిమాలు తినవు" అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నాన్న పెద్దకొడవలి దించి దిగువ గడ్డిచేను అంచు కోశాను. నాలుగు రోజుల్లో ఎంత కోశానో రాస్తే నువ్వు నవ్వుతావు. నా పని చూసి మెసిట్ తన కొడవలి తెచ్చి గట్టు అవతల తన చేను కోసుకున్నాడు. నిన్న మధ్యాహ్నం వాన వచ్చింది. కోసింది కోసినట్టే తడిసింది.

ఈ పొద్దున చర్చి బయట కేటీ బర్న్ అడిగింది: "మీవాడు ఏ సైన్యంలో చేరాడు, విన్నీ?" ఫ్రెంచి సైన్యంలో అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు నాకిచ్చిన జవాబు అదొక్కటే, వాడుకున్నాను. ఇంకొకటి పంపు.

విన్నీ


గుడారం 14
5 జూలై

అక్కా,

ఇక్కడా అదే వాన. వారంగా గుడారాల్లో పేకాట. సూర్యుడు రాకపోతే వాళ్ళు కెమెరా విప్పరు. మొదటి రోజు ఎండలో తీశారు కనక చివరిదాకా ఎండలోనే తీయాలి. నా చేత ఇంకో మూడు వారాలకు సంతకం పెట్టించుకున్నారు.

కాదనలేదా అంటావు. జెస్సీ ముందు వరసలో, ఎడమనుంచి మూడోది. ఒకసారి బొమ్మలో పడ్డ గుర్రం చివరిదాకా అదే చోట నిలబడాలట. నుదుటి మీద తెల్లమచ్చ ఉంది కనక మార్చడానికి వీల్లేదు. "మీ గుర్రం లేకపోతే మా యుద్ధం ఆగిపోతుంది మిస్టర్ టాలన్" అన్నాడు మేనేజరు. నాక్‌రోలో నేను లేకపోతే ఏదన్నా ఆగుతుందని ఎవరన్నా అన్నారా?

జెస్సీని నువ్వు చూడాలి. పదకొండేళ్ళుగా యంత్రం లాగి లాగి ముసలిదైందనుకున్నాం. దూరంగా ఒకడు చెయ్యెత్తి ఎర్రజెండా ఊపితే చాలు, కళ్ళెం వదలక్కర్లేదు, మడమ తగిలించక్కర్లేదు, తనే బాణంలా పోతుంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గట్టుకి అటు అతను, ఇటు నువ్వు, చెరో కొడవలి. చూడముచ్చటగా ఉంది. పదిహేనేళ్ళుగా ఆ గట్టు మీంచి మనింట్లోకి చూస్తున్నాడు మెసిట్. మన భూమి తన భూమిలో కలిస్తే ఎంత సొంపుగా ఉంటుందో అతనికి తెలుసు. నీకూ తెలిసిందేమో. నేను రాకముందే ఇద్దరూ కలిసి ఇన్‌స్పెక్టరుకి ఏం చెబుతారో ముందే రాసి పంపండి, సంతకం పెడతాను.

గ్యారెట్


నాక్‌రో
10 జూలై

గ్యారెట్‌కి,

ఇది చిన్న ఉత్తరం.

1928లో మెసిట్ మన నాన్న దగ్గరికి వచ్చి నన్ను పెళ్ళికి అడిగాడు. నాన్న సరే అన్నాడు. పొయ్యి దగ్గర కూర్చున్న నువ్వు, ఇరవయ్యొక్కేళ్ళవాడివి, "నేను పెళ్ళి చేసుకుని ఒక ఆడమనిషిని తెచ్చేదాకా అక్క పోతే ఇల్లెలా?" అన్నావు. నాన్న ఆలోచించి, ఒక ఏడాది ఆగమన్నాడు. మెసిట్ ఆగాడు. నువ్వు తేలేదు. నాన్న పోయాడు. ఆ తర్వాత మెసిట్ అడగలేదు, నేను ఎత్తలేదు. ఇన్నేళ్ళూ బార్నీ పక్కన జెస్సీని కట్టడానికి తప్ప అతను మన గడప తొక్కలేదు.

నువ్వు ఆ సంగతి మరిచిపోయావనుకున్నాను. మరిచిపోలేదు, తిప్పి రాసుకున్నావు.

మెసిట్ కేటీ బర్న్‌తో జోడు మాట్లాడుతున్నాడు. ఆమెకు పొట్టిగుర్రం ఉంది, దున్నే మగవాడు లేడు. ఇంకా మాట ఇవ్వలేదు. పందొమ్మిదో తేదీ సోమవారం దాకా చూస్తానని, అది నీకు రాయమని, అతనే చెప్పాడు. అతని కబురు కనక మోస్తున్నాను. ఆ రోజుకి జెస్సీ గట్టు దగ్గర లేకపోతే మనకు ఈ దేశంలో జోడుకాడు లేడు. దుక్కి లేదు. అక్టోబరులో భూమీ ఉండదు.

విన్నీ టాలన్


నాక్‌రో
23 జూలై

గ్యారెట్‌కి,

వచ్చావు. ఒప్పుకుంటాను. పద్దెనిమిదిన చీకటి పడకముందే వచ్చావు. జెస్సీ మెడ కింద వెండిరంగు మరకలు చూసి నవ్వాను కూడా. సోమవారం పొద్దున నువ్వు గట్టు దాటి, మెసిట్‌ని పేరు పెట్టి పిలిచి, "నాదే తప్పు, నెడ్" అన్నప్పుడు ఇంక అంతా సరిపోయిందనుకున్నాను.

నువ్వు వెళ్ళాక జరిగింది నీకు తెలియదు కనక రాస్తున్నాను.

నువ్వు యంత్రం మీద కూర్చున్నావు. మూడో సాలు తిరిగేచోట రాయి ఉందని మెసిట్ ముందుకుపోయి చెయ్యెత్తి టోపీ ఊపాడు. ఇక్కడ ప్రతివాడూ అలాగే ఊపుతాడు, జెస్సీ ఎదురుగా వెయ్యిసార్లు ఊపి ఉంటాడు. జెస్సీ ఉరికింది. బార్నీ ఉరకలేదు, దానికి యుద్ధం రాదు. నొగ విరిగింది, బార్నీ కత్తి ముందు పడింది. ఇదంతా నువ్వు చూశావు. తెగిన దాని కాలు చూశావు. వెంటనే జెస్సీని విప్పి, "దీన్ని దూరంగా తీసుకుపోతా, భయపడింది" అన్నావు. కొట్టానికి తీసుకెళ్ళావనుకున్నాం. అటునుంచి అటే రోడ్డెక్కావు.

బార్నీ బాధ తీర్చడానికి తుపాకీ ఉన్నవాడు వచ్చేసరికి గంటన్నర పట్టింది. అంతసేపూ మెసిట్ బార్నీ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను నీళ్ళు తెచ్చాను. తాగలేదు, గుర్రమూ, మనిషీ. తర్వాత గొయ్యి తవ్వడానికి నలుగురు వచ్చారు. "గ్యారెట్ ఏడీ?" అని అందరూ నన్నే అడిగారు.

ఆ గుర్రానికి నువ్వు ఏం నేర్పించావో నీకు తెలుసు. జూలై అయిదు నాటి ఉత్తరంలో నువ్వే గొప్పగా రాశావు. నాకు అప్పుడు తట్టలేదు. నీకు తట్టాలి. గట్టు దాటి అంత మాట్లాడావు, ఆ ఒక్క మాట చెప్పలేదు.

విన్నీ


గుడారం 14
29 జూలై

అక్కా,

తెలిసి దాచానంటావు. నాకు తట్టలేదు. అక్కడ ఈటెలు, జెండాలు, డప్పులు. ఇక్కడ గడ్డి, మెసిట్ టోపీ. రెండూ ఒకటేనని గుర్రం అనుకుంటుందని నాకెలా తెలుస్తుంది? అతను అంత ఎత్తున ఊపకుండా ఉండాల్సింది. రాయి ఎక్కడుందో నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు, నాకు చెప్పేదేమిటి?

ఎందుకు పోయానంటావు. వాళ్ళు మంగళవారం పొద్దున్నకి రమ్మన్నారు, మాటిచ్చాను. అది ఒక కారణం. ఇంకొకటి నువ్వే చెప్పుకో, నీకు చెప్పడం బాగా వచ్చు.

మెసిట్‌కి నేను చేయవలసింది చేస్తాను. గుర్రాల మేనేజరు జెస్సీని కొంటానన్నాడు. ఇంగ్లండు తీసుకుపోతారట, ఇంకో సినిమాకి. అమ్మేసి ఆ వచ్చింది మెసిట్ ముఖాన కొడతాను, తనకు నచ్చిన గుర్రాన్ని తెచ్చుకోనీ. అప్పుడు అతనూ నువ్వూ నా గురించి మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. పదో తేదీన కాగితం రాసుకుంటాం. అప్పటిదాకా ఉత్తరాలొద్దు.

గ్యారెట్


నాక్‌రో
12 ఆగస్టు

గ్యారెట్‌కి,

ఉత్తరాలొద్దన్నావు. ఇదొక్కటి చదువు.

తొమ్మిదో తేదీ సోమవారం డబ్లిన్ పొయ్యిల్లోకి పీట్ మన్ను గడ్డలు మోసుకుపోయే లారీ ఎక్కి మీ మైదానానికి వచ్చాను. గడ్డల మీద కూర్చుని ఒళ్ళంతా నల్లబడి వచ్చాను కనక గేటు దగ్గరవాడు నన్ను ఏదో వేషగత్తె అనుకుని లోపలికి పంపేశాడు.

గుర్రాలన్నీ తాడుకి కట్టి ఉన్నాయి. కాపలా ఉన్నవాడు కిల్డేర్ వైపు మనిషి. గుర్రం యజమాని ఎక్కడ అని అడిగాను.

"టాలనా? చచ్చిపోయాడమ్మా."

"ఎప్పుడు?"

"తొమ్మిదింటికి. అన్నం గంట కొట్టేదాకా లేవడు." కొండవాలు వైపు చూపించాడు. నూరుమంది దాకా గడ్డిలో పడి ఉన్నారు, వాళ్ళ మధ్య ఈటెలు, జెండాలు. ఒకడు గొట్టంలోంచి అరుస్తున్నాడు, "చచ్చినవాళ్ళు కదలొద్దు! గోక్కోవద్దు!" అని.

నాన్న వీలునామా తీసుకుపోయాను. "గుర్రమూ, పనిముట్లూ ఇద్దరికీ" అని ఉన్న వాక్యం కిల్డేర్ వాడికి చూపించాను. అతను చదివి, తల గోక్కుని, "చచ్చినవాడి వాటా?" అన్నాడు. "బతికాక వచ్చి అడగమను" అన్నాను. తాడు విప్పి ఇచ్చాడు. ఆ పనివల్ల అతనికి మాట పడితే నా పేరు చెప్పు.

రోడ్డుకి వేరే దారి లేదు. జెస్సీని నడిపించుకుంటూ మీ పక్కనుంచే వెళ్ళాను. నిన్ను గుర్తుపట్టాను. బోర్లా పడి ఉన్నావు, వీపున ఒక బాణం గుచ్చి ఉంది. నువ్వు నన్ను చూడలేదు.

రెండు రోజుల నడక. రాత్రి గ్లెన్‌డలో ఒక ఇంటివాళ్ళు చోటిచ్చారు.

జెస్సీ ఇప్పుడు నెడ్ కొట్టంలో ఉంది. కళ్ళకు గంతలు కట్టి, కేటీ బర్న్ పొట్టిగుర్రం పక్కన నడిపి అలవాటు చేస్తున్నాడు. మూడిళ్ళ దుక్కీ ఆ జోడుతోనే. మన భూమిని కూడా దున్నుతానన్నాడు, నువ్వు ఊ అంటే. నీ ఊ లేకుండా గట్టు దాటనన్నాడు. అటువంటి మనిషి.

చర్చిలో నెడ్‌కీ నాకూ పెళ్ళి ప్రకటన వచ్చే ఆదివారంనుంచి మూడు వారాలు చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆలోగా ఫాదర్‌కి చెప్పుకోవాలి. ఇది పిలుపు అనుకోకు. తెలియజేస్తున్నాను. నువ్వు చీటీ పెట్టిపోయినట్టు పోవడం నాకు చేతకాదు.

ఇల్లు నీది. ఆవుల పాలు తీయడం నేర్చుకో.

విన్నీ


గుడారం 14
17 ఆగస్టు

విన్నీ అక్కకు,

గుర్రాన్ని దొంగిలించారని పోలీసులకు చెబుదామన్నాడు మేనేజరు. మా అక్క తీసుకుపోయిందని చెప్పాను. కిల్డేర్ వాణ్ణి ఏమీ అనలేదు. జెస్సీ చోట ఇంకో గుర్రాన్ని పెట్టి నుదుటి మీద సున్నంతో మచ్చ వేశారు. దూరంనుంచి తెలియదట. మొదటే ఆ పని చేసి ఉండొచ్చు కదా అని అడిగాను. నవ్వాడు.

నేను నిన్ను చూడలేదని రాశావు. చూశాను.

కళ్ళు మూసుకోమన్నారు, నేను ఒక కన్ను కొంచెం తెరిచి ఉంచుతాను, గొంగళిపురుగులు ఎక్కువ అక్కడ. ముందు జెస్సీ కాళ్ళు కనిపించాయి. పక్కన నాన్న బూట్లు. ఎవరబ్బా అనుకున్నాను. తర్వాత నీ గౌను అంచు, పీట్ మసి. మన మధ్య ఇరవై గజాలు ఉండవు. లేచి పది అంగలు వేస్తే కళ్ళెం నా చేతికి వచ్చేది. కదిలినవాడికి ఆ పూట కూలి పోతుంది, అంతకు మించి ఏమీ లేదు. మర్నాడు కాగితం రాసుకోవలసిన గుర్రం. లేవలేదు.

నీ మీద దయతోనో, మెసిట్ మీద జాలితోనో అనుకోకు. లేచి నీ ముందు నిలబడితే ఏమనాలో తోచలేదు. వంతెన మీద జెస్సీ లాడాల చప్పుడు ఆగేదాకా గడ్డిలో మొహం పెట్టుకుని పడుకున్నాను. గంట కొట్టారు. అందరూ లేచారు. "లేవరా, బతికావు" అని రౌండ్‌వుడ్ వాడు నా బాణం పీకాడు.

ఫాదర్‌కి నేనేమీ రాయడం లేదు.

ఇక్కడ పని ఇంకో వారం. తర్వాత కొండమీద పీట్ తవ్వకానికి మనుషులు కావాలంటున్నారు, అటు పోతాను. ఆవుల్ని కూడా గట్టు దాటించండి. భూమి దున్నుకోమను. ఇన్‌స్పెక్టరు వస్తే టాలన్ ఊ అన్నాడని ఈ ఉత్తరం చూపించు.

జెస్సీ ఎడమ ముందుకాలి లాడం నువ్వు రాకముందు శుక్రవారంనుంచే వదులుగా ఉంది. నువ్వు దాన్ని ముప్ఫై మైళ్ళు నడిపించావు. నాగలికి కట్టేముందు కమ్మరికి చూపించండి.

గ్యారెట్